ఏడవకుండా నిద్రపోయే పసిబిడ్డ నిజంగా బంగారమేనా? నెల ముందు పుట్టిన పిల్లల మొదటి వారం

 

మామూలుగా మన ఎపిసోడ్లలో ఫోన్లు, యాప్‌లు, జీతాలు, ఈఎంఐలు, ఇలాంటివే మాట్లాడుకుంటాం కదా. ఈ రోజు ఒక పసిబిడ్డ గురించి చెప్తాను. మా అక్క కూతురు. ఇంట్లో అందరం బుజ్జి అంటాం. ఇప్పుడు దానికి రెండేళ్లు. ఇందాకట్నుంచి వెనక తలుపు దబదబా బాదుతున్నది అదే. ఆ సౌండ్ ఎడిటింగ్‌లో తీసెయ్యలేదు, ఉండనివ్వండి.

ముందే ఒక మాట. నేను బీటెక్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇలా వీడియోలు చేసుకుంటున్న మనిషిని. డాక్టర్ని కాదు. మందు పేరు, డోసు ఏమీ చెప్పను. మా ఇంట్లో మేం ఏం తప్పు చేశామో చెప్తాను, ఆ తర్వాత కూర్చుని చదువుకుని ఏం అర్థం చేసుకున్నానో చెప్తాను. మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ పావుగంట వృథా పోదు.

కనిగిరి, మే నెల

మా అక్కకి తొలి కాన్పు. మన ఆనవాయితీ తెలుసుగా, పురుడు పుట్టింట్లోనే పోయాలి. ఏడో నెలలో సీమంతం చేసి బెంగళూరు నుంచి కనిగిరి తీసుకొచ్చాం. డెలివరీ డేట్ జూన్ చివర్లో.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంట్లో "ఎలాగూ ఆపరేషనే చేస్తారంట, మంచి ముహూర్తం చూసి చేయిద్దాం" అని మాట వచ్చింది. పంచాంగం యాప్ ఓపెన్ చేసి తేదీ వెతికింది ఎవరో కాదు, నేనే. ఒక మంచి నక్షత్రం దొరికింది. లెక్క వేస్తే అది 36 వారాల దగ్గర పడింది. "ఒక్క నెలే కదా ముందు, ఏమవుద్దిలే" అనుకున్నాం. అక్కని చూసే డాక్టరమ్మ దగ్గరికి ఆ తేదీ పట్టుకుని వెళ్తే ఆవిడ పేపర్ వెనక్కి ఇచ్చేసింది. "మీ టైమ్ బానే ఉంది. పాప ఊపిరితిత్తుల టైమ్ ఇంకా కాలేదు" అంది. అసలు ఆపరేషన్ అవసరమే లేదని కూడా చెప్పింది.

మేం తేదీ మార్చుకున్నాం, బుజ్జి మాత్రం ఆగలేదు. 35 వారాల 3 రోజులకి అక్కకి ఉమ్మనీరు పోయింది. నొప్పులొచ్చాయి. మామూలు కాన్పే అయింది. పాప 2 కేజీల 250 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. కాళ్లు చేతులు బానే ఆడించింది. ఎర్రగా, ముద్దుగా ఉంది. మా అమ్మ చూసి "నెల తక్కువ పిల్లలా ఉందా అసలు?" అంది. మేమందరం తలూపాం.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

"దాదాపు నెలలు నిండినట్టే" అనే మాట

కాన్పు 40 వారాలకి లెక్క. 37 వారాలు నిండాక పుడితే నెలలు నిండిన బిడ్డ. అంతకు ముందు పుడితే ప్రీటర్మ్. అందులో 34 వారాలు నిండిన దగ్గర్నుంచి 36 వారాల 6 రోజుల వరకు పుట్టినవాళ్లని లేట్ ప్రీటర్మ్ అంటారు.

ఒకప్పుడు వీళ్లని డాక్టర్లు కూడా "నియర్ టర్మ్" అనేవాళ్లు, అంటే దాదాపు నెలలు నిండినట్టే అని. 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవాళ్లు పిల్లల డాక్టర్లని కూర్చోబెట్టి, ఆ పేరు మార్చేద్దాం అని తేల్చారు. "దాదాపు" అనే మాట వినగానే ఇంట్లోవాళ్లూ, ఆసుపత్రివాళ్లూ ధీమాగా ఉండిపోతున్నారు. అందుకని లేట్ ప్రీటర్మ్ అని పెట్టారు. ఆలస్యంగానే అయినా, నెలలు తక్కువే అని గుర్తు చెయ్యడానికి.

లెక్క చూడండి. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 34 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని అంచనా. అందులో దాదాపు 30 లక్షల మంది మన దేశంలోనే, అన్ని దేశాలకన్నా ఎక్కువ. వాళ్లలో ఎక్కువ భాగం మా బుజ్జి లాంటివాళ్లే. వీళ్లలో చాలామంది శుభ్రంగా పెరుగుతారు, భయపడక్కర్లేదు. కాకపోతే మొదటి వారం కనిపెట్టుకుని ఉండాలి.

మా తాతకి మిర్చి చేను ఉండేది. ఆయన ఒక మాట అనేవాడు: "కాయ పైకి ఎర్రగా ఉంది గదా అని తడి ఆరకముందే బస్తాలో కుక్కితే లోపల బూజొస్తది." పసిబిడ్డని మిర్చికాయతో పోలుస్తున్నానని తిట్టుకోకండి. పైకి కనపడే రంగుకీ, లోపలి తయారీకీ తేడా ఉంటదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

పుట్టిన మొదటి పది నిమిషాల్లో జరిగేది

ఇప్పుడు కొంచెం సైన్స్. కష్టంగా ఏమీ ఉండదు, రండి.

కడుపులో బిడ్డకి ఊపిరితిత్తులతో పని లేదు. ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. ఊపిరితిత్తుల నిండా నీరు ఉంటది, ఆ నీటిని తయారు చేసేది కూడా ఊపిరితిత్తులే. గుండె నుంచి రక్తంలో చాలా కొద్ది భాగమే వాటిలోకి వెళ్తుంది. మిగతాదంతా రెండు అడ్డదారుల్లో పోతుంది: గుండె పై గదుల మధ్య ఒక కన్నం, పెద్ద రక్తనాళాల మధ్య ఒక చిన్న గొట్టం.

పుట్టిన క్షణంలో ఇదంతా తిరగబడాలి. మేం సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మారాలంటే రాత్రి రెండింటికి ఎవరూ వాడనప్పుడు మారుస్తాం, పాతది కూడా కొన్నాళ్లు పక్కన ఉంచుతాం. బిడ్డకి ఆ సదుపాయం లేదు. బొడ్డుతాడు కట్ చేశాక పాత సర్వర్ ఉండదు. నీరు పోవాలి, గాలి రావాలి, ఊపిరితిత్తుల్లోకి రక్తం పారాలి, అడ్డదారులు మూసుకోవడం మొదలవ్వాలి. అన్నీ బాగున్న బిడ్డకి కూడా ఒంట్లో ఆక్సిజన్ 90 శాతం దగ్గరికి రావడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది.

మరి ఆ నీరు ఎటు పోతుంది? చాలామంది ముక్కు నుంచి, నోటి నుంచి కారిపోతుంది అనుకుంటారు. ఎక్కువ భాగం అలా పోదు. నొప్పులు మొదలైనప్పుడు బిడ్డ ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పొంగుతాయి. అవి ఊపిరితిత్తుల గోడకి "ఇన్నాళ్లూ నీరు వదిలావు, ఇప్పుడు పీల్చుకో" అని చెప్తాయి. వాల్వ్ తిప్పినట్టు గోడలోని సోడియం దారులు తెరుచుకుని ఉప్పుని లోపలికి లాగుతాయి, ఉప్పు వెనకే నీరు రక్తంలోకి వెళ్లిపోతుంది.

నెల ముందు పుట్టిన బిడ్డలో ఈ వాల్వులు తక్కువ. ఇక నొప్పులే రాకుండా ఆపరేషన్ చేస్తే ఆ హార్మోన్ల పొంగు కూడా సరిగ్గా రాదు. నీరు మిగిలిపోతుంది. బిడ్డ గబగబా ఊపిరి తీస్తుంది, మూలుగుతుంది, ముక్కుపుటాలు ఎగరేస్తుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, కాకపోతే అప్పటిదాకా వార్డులో ఉండాలి.

రెండోది సర్ఫాక్టెంట్. తడిసిన క్యారీబ్యాగ్ రెండు పొరలు అతుక్కుపోతే విప్పడం ఎంత కష్టమో తెలుసుగా? ఊపిరితిత్తుల్లో గాలి గదులు కూడా ఊపిరి వదిలినప్పుడల్లా అలాగే అతుక్కుపోవాలని చూస్తాయి. వాటిని అతుక్కోనివ్వకుండా చేసే సబ్బులాంటి పదార్థమే సర్ఫాక్టెంట్. అది సరిపడా తయారయ్యేది 34, 36 వారాల మధ్య. అంటే లేట్ ప్రీటర్మ్ బిడ్డ సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉంటది.

ఈ గీత ఎంత సన్ననిదో ఒక నిజం చెప్తాను. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి కొడుకు పుట్టాడు, పేరు ప్యాట్రిక్. ఐదున్నర వారాలు ముందు పుట్టాడు. బరువు 2 కేజీల 100 గ్రాములు, మా బుజ్జి కన్నా కాస్త తక్కువ అంతే. పుట్టిన కాసేపటికే ఊపిరి అందలేదు. బోస్టన్‌లో పెద్ద పెద్ద డాక్టర్లందరూ ఉన్నారు. ప్రపంచంలోనే పెద్ద పదవిలో ఉన్న తండ్రి తలుపు బయట కూర్చున్నాడు. 39 గంటలు బతికాడు ఆ బాబు.

సర్ఫాక్టెంట్ లేకపోవడమే ఈ జబ్బుకి కారణమని మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ అనే ఇద్దరు డాక్టర్లు 1959లోనే కనిపెట్టారు. కానీ 1963 నాటికి వైద్యం చేతికి రాలేదు. ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ పద్ధతిని పసిపిల్లలకి వాడి ఫలితాలు చూపించింది 1971లో. బయట నుంచి సర్ఫాక్టెంట్ ఇచ్చి జపాన్‌లో పిల్లల్ని కాపాడింది 1980లో. ఆ రోజు అధ్యక్షుడి కొడుక్కి దొరకని వైద్యం ఈ రోజు మన జిల్లా ఆసుపత్రుల్లో దొరుకుతోంది. ఇది చిన్న విషయం కాదు.

ఇంటికి తెచ్చేశాం

మళ్లీ మా కథకి వద్దాం. బుజ్జికి ఊపిరి సమస్య రాలేదు. అందుకని మేం గెలిచేశాం అనుకున్నాం. ఆసుపత్రిలో ఇంకో రెండు రోజులు ఉండమన్నారు. బావకి లీవు అయిపోతోంది. బయట ఎండలు మండిపోతున్నాయి. "పాప బానే ఉందిగా, ఇంట్లో అయితే అందరం ఉంటాం" అని బతిమాలి మరీ రెండో రోజే డిశ్చార్జ్ చేయించుకున్నాం. ఒత్తిడి చేసింది మేమే, ఇందులో వేరే ఎవరినీ అనను.

ఇంటికి రాగానే మంత్రసాని తరం పద్ధతులన్నీ మొదలు. అమ్మమ్మ వేన్నీళ్లు పెట్టి తలారా స్నానం చేయించింది. సాంబ్రాణి పొగ వేసింది. మే నెల కదా, బిడ్డకి ఉక్కపోస్తదని నేనే కూలర్ తెచ్చి మంచానికి ఎదురుగా పెట్టాను. మేనమామగా ఏదో ఒకటి చెయ్యాలి కదా.

పాప అసలు ఏడవలేదు. నిద్ర. ఒకటే నిద్ర. పాలు పట్టబోతే రెండు చప్పరింపులు చప్పరించి మళ్లీ నిద్ర. చుట్టుపక్కల వాళ్లొచ్చి చూసి "ఎంత బుద్ధిమంతురాలో, తల్లిని ఒక్క రాత్రి కూడా ఏడిపించలేదు" అన్నారు. అమ్మమ్మ దిష్టి తీసింది. "బంగారమే అబ్బయా ఇది, ఆకలి అని కూడా అడగదు" అంది నాతో.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆకలి అని అడగదు. అడిగే శక్తి లేక అడగలేదు ఆ పిల్ల.

ఆశా అక్క వచ్చింది

నాలుగో రోజు పొద్దున ఏడింటికే మా వీధి ఆశా అక్క వచ్చింది. ఆసుపత్రిలో కాన్పు అయిన ప్రతి బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలని ప్రభుత్వ పథకం ఉంది. మాకు తెలియనే తెలియదు. ముందురోజు రావాల్సిందంట, ఇంకో కాన్పు కేసుతో ఆసుపత్రికి వెళ్లి రాలేకపోయిందంట.

ఆవిడ చేసినవి నాలుగే పనులు. చేతులు సబ్బుతో కడుక్కుంది. బిడ్డ పొట్ట మీద చెయ్యి పెట్టి, తర్వాత పాదాలు పట్టుకుంది. ఛాతీ మీద చర్మాన్ని వేలితో నొక్కి వదిలి రంగు చూసింది. సంచిలోంచి కాటా తీసి ఉయ్యాల గుడ్డలో వేసి తూచింది.

పాదాలు చల్లగా ఉన్నాయి. నొక్కిన చోట పసుపు. బరువు 2 కేజీల 20 గ్రాములు. నాలుగు రోజుల్లో 230 గ్రాములు తగ్గింది, పుట్టిన బరువులో పదో వంతు.

"రాత్రి ఎన్నిసార్లు పాలు తాగింది?" అని అడిగింది. అక్క ముఖంలో రంగు పోయింది. "రెండుసార్లు అనుకుంటా" అంది. "ఎన్నిసార్లు ఉచ్చ పోసింది?" మేం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. ఎవరం లెక్కపెట్టలేదు.

అమ్మమ్మ అడ్డుపడింది: "ఈ ఎండలో పాదాలు చల్లగా ఉండటమేందమ్మా, చల్లగా ఉంటే మంచిదేగా." ఆశా అక్క మెల్లగానే చెప్పింది: "పెద్దమ్మా, మనకి ఎండ. పాపకి కూలర్ గాలి. ఇది నెల తక్కువ పిల్ల. ముందు ఒంగోలు బయల్దేరండి."

కనిగిరి నుంచి ఒంగోలు సుమారు 80 కిలోమీటర్లు. పొదిలి, చీమకుర్తి మీదుగా. కార్ ఎక్కాక డ్రైవర్ ఏసీ ఫుల్ పెట్టాడు. ఆశా అక్క ముందే చెప్పి పంపింది: గాలి పాప మీద పడకూడదు, పాపని ఒంటిమీద బట్టల్లేకుండా, టోపీ, డైపర్ మాత్రం ఉంచి, తల్లి ఛాతీకి ఆనించి పైన చీర కప్పాలి. అక్క అలాగే పట్టుకుంది. దారంతా "బుజ్జీ, బుజ్జీ" అంటానే ఉంది. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక ఇరుక్కున్న ఆ ఇరవై నిమిషాలు నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద బఫరింగ్.

ఒంగోలులో పిల్లల వార్డుకి చేరగానే మడమ మీద చిన్న సూదితో గుచ్చి షుగర్ చూశారు. 38. కామెర్ల టెస్ట్ చేస్తే బిలిరుబిన్ 18. "ఇంకో రోజు ఆగి వచ్చుంటే?" అని బావ ఫోన్‌లో అడిగాడు. డాక్టర్ సమాధానం చెప్పలేదు. "వచ్చేశారుగా, వదిలేయండి" అన్నాడు.

ఒకదాని వెనక ఒకటి

మూడు వేరువేరు సమస్యలు ఒకేసారి వచ్చాయి అనుకున్నాను. కాదు. అది ఒకే గొలుసు. ఇది అర్థం చేసుకుంటే మీకు ఈ ఎపిసోడ్ మొత్తం అర్థమైనట్టే.

మొదటి లింకు చలి. మనకి చలేస్తే వణుకుతాం. పసిబిడ్డ వణకదు. భుజాల వెనక, మెడ దగ్గర, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు ఉంటుంది, దాన్ని కాల్చుకుని వేడి పుట్టిస్తుంది. ఆ కొవ్వు చివరి వారాల్లోనే పెరుగుతుంది. నెల ముందు వచ్చిన బిడ్డ దగ్గర అది తక్కువ, చర్మం కింద కొవ్వు కూడా తక్కువ, ఒంటి బరువుకి చర్మం విస్తీర్ణం ఎక్కువ. వేడి తొందరగా పోతుంది. బయట 44 డిగ్రీలున్నా, తడి ఒంటి మీద కూలర్ గాలి తగిలితే చల్లబడిపోతుంది.

రెండో లింకు చక్కెర. వేడి పుట్టించాలంటే ఇంధనం కావాలి. కాలేయంలో గ్లైకోజెన్ అని ఒక నిల్వ ఉంటది, మన ఇంట్లో గింజల గాదె లాంటిది. అది కూడా చివరి వారాల్లోనే నిండుతుంది. సగం గాదెతో వచ్చిన బిడ్డ, చలికి దాన్ని కూడా కాల్చేస్తే షుగర్ పడిపోతుంది. షుగర్ పడితే మత్తు. మత్తుగా ఉంటే పాలు తాగదు. పాలు తాగకపోతే షుగర్ ఇంకా పడుతుంది.

మూడో లింకు పాలు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం, ఈ మూడింటినీ వరుస తప్పకుండా చెయ్యడం మెదడు నేర్చుకోవాల్సిన పని. 34 వారాల దగ్గర మొదలై 37 దాకా కుదురుకుంటుంది. 34 వారాలప్పుడు మెదడు బరువు నెలలు నిండిన బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే ఉంటుంది. అందుకే తాగుతూ తాగుతూనే అలసిపోయి నిద్రపోతారు. మనం "కడుపు నిండింది" అనుకుంటాం.

నాలుగోది కామెర్లు. పాత ఎర్ర రక్తకణాలు విరిగితే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. కాలేయం దాన్ని మార్చి పేగుల్లోకి పంపాలి, విరేచనంలో పోవాలి. ఈ పిల్లల కాలేయంలో ఆ పని చేసే ఎంజైమ్ ఇంకా చురుగ్గా ఉండదు. పాలు తక్కువైతే విరేచనం తక్కువ, పేగుల్లో ఉన్నది మళ్లీ రక్తంలోకి వచ్చేస్తుంది. నెలలు నిండిన పిల్లల్లో పసుపు 3 నుంచి 5 రోజుల మధ్య పెరిగి తగ్గుతుంది. వీళ్లలో 5 నుంచి 7 రోజుల దాకా పెరుగుతూనే ఉండొచ్చు. అంటే రెండో రోజు డిశ్చార్జ్ చేసినప్పుడు పసుపు కనపడలేదు అంటే అర్థం, ఇంకా రాలేదు అని! మరీ పెరిగితే అది మెదడులోకి చేరి శాశ్వతంగా దెబ్బతీస్తుంది, వినికిడి పోవచ్చు.

బుజ్జిని నీలం లైటు కింద పెట్టారు. ఈ లైటు వెనక కూడా కథ ఉంది. 1950లలో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు, నెల తక్కువ పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లేది. ఒక బిడ్డకి గుడ్డ కప్పిన చోట పసుపు ఉండి, ఎండ తగిలిన చోట పోయింది అని ఆవిడే డాక్టర్లకి చూపించింది. దాని మీద పరిశోధన చేసి 1958లో ప్రచురించారు. "అయితే ఎండలో పెడితే సరిపోద్దిగా?" అని మా అమ్మమ్మ వెంటనే పాయింట్ పట్టుకుంది. సరిపోదు. ఎండలో ఆ నీలం కాంతి ఎంత తగిలిందో లెక్క ఉండదు, మన ఎండలో బిడ్డ ఒళ్లు కాలుతుంది, నీరు పోతుంది. పసరు మందు సంగతి అసలు ఎత్తొద్దు. పసిబిడ్డ నోట్లో పసరు పోయడం ప్రాణాలతో ఆడుకోవడమే.

ఉగ్గుగిన్నె గెలిచింది

వార్డులో నాకు ఆశ్చర్యం వేసింది ఏంటంటే, ఆ మెషీన్ల మధ్య ఒక సిస్టర్ ఉగ్గుగిన్నె తీసింది. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెనే! అక్క పాలు పిండి ఇస్తే, రెండు గంటలకొకసారి దాంతో కొంచెం కొంచెం పట్టేవాళ్లు. సీసా వద్దు అన్నారు. అంటే పాత పద్ధతులన్నీ తప్పు కాదు. గిన్నె కరెక్టే, అందులో పోసే ఆముదం, తేనె, పసరు తప్పు. మొదటి పసుపుపచ్చ ముర్రుపాలు పారబొయ్యడం ఇంకా పెద్ద తప్పు.

లైటు తీసినప్పుడల్లా అక్క ఛాతీ మీద పడుకోబెట్టేవాళ్లు. దీన్నే కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టర్, ఇంక్యుబేటర్లు సరిపోక మొదలుపెట్టాడు. గతిలేక మొదలైన పద్ధతి, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో కలిపి ఐదు దేశాల్లో జరిగింది. 1.8 కేజీల లోపు పిల్లల్ని పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి ఆనిస్తే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తల్లే కాదు, నాన్న, అమ్మమ్మ ఎవరైనా చెయ్యొచ్చు. మూడో రోజు బావ వచ్చి చొక్కా విప్పి కూర్చున్నాడు. ఉద్యోగంలో ఏ రిలీజ్‌కీ అంత కదలకుండా కూర్చుని ఉండడు.

నాలుగు రోజులకి ఇంటికి వచ్చాం. బరువు పెరగడం మొదలైంది.

మరి ముహూర్తం సంగతి?

ఇప్పుడు అసలు గట్టిగా మాట్లాడాల్సిన విషయం. ఉమ్మనీరు పోయినా, బీపీ పెరిగినా, బిడ్డకి ప్రమాదం ఉన్నా డాక్టర్ ముందే కాన్పు చేస్తారు. అక్కడ ఆగమనడం తప్పు. అది ప్రాణం కాపాడే నిర్ణయం.

కానీ మనం పెట్టే ముహూర్తం అలాంటిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ఇవన్నీ ముహూర్తం కోసం జరిగాయని నేను అనట్లేదు. కానీ తేదీ చూసి చేయించుకునేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండకముందు ఆపరేషన్ పెట్టుకోవద్దని డాక్టర్ల సంఘాలు చెప్తున్నాయి. ముహూర్తం చూసుకుంటే చూసుకోండి, 39 వారాల తర్వాత తేదీల్లో చూసుకోండి.

"ముందు ఒక ఇంజక్షన్ ఇస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయంట కదా" అని కొందరు అడుగుతారు. స్టెరాయిడ్ ఇంజక్షన్ 34 వారాలలోపు పిల్లలకి చాలా మేలు చేస్తుంది. లేట్ ప్రీటర్మ్‌లో దాని మీద 2016లో అమెరికాలో పెద్ద అధ్యయనం వచ్చింది. ఊపిరి సమస్యలు తగ్గాయి, కానీ షుగర్ పడిపోయిన పిల్లలు 15 శాతం నుంచి 24 శాతానికి పెరిగారు. అంటే అది ముహూర్తానికి లైసెన్స్ కాదు. ఎవరికి ఇవ్వాలో డాక్టర్ చూసుకుంటారు.

ఇంకో మాట. "ఏడో నెల పిల్ల బతుకుద్ది, ఎనిమిదో నెల పిల్ల బతకదు" అంటారు కదా? రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు వైద్య గ్రంథాల్లో కూడా ఇదే నమ్మకం ఉంది. తప్పు. కడుపులో గడిపే ప్రతి వారం బిడ్డకి లాభమే.

ఫోన్‌లో సేవ్ చేసుకోండి

మీ ఇంట్లో 34 నుంచి 37 వారాల మధ్య బిడ్డ పుడితే:

ఒకటి, డిశ్చార్జ్‌కి తొందరపెట్టకండి. ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ చూపించండి.

రెండు, రెండు మూడు గంటలకొకసారి లేపి పాలు పట్టండి. రోజుకి 8 నుంచి 12 సార్లు. అడిగే దాకా ఆగొద్దు. అలారం పెట్టుకోండి, ఫోన్ ఉన్నది అందుకే.

మూడు, ఉచ్చ లెక్కపెట్టండి. ఐదో రోజుకల్లా రోజుకి కనీసం ఆరుసార్లు పోయాలి.

నాలుగు, పొట్టా పాదాలూ రెండూ వెచ్చగా ఉండాలి. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైనట్టు. రెండూ చల్లగా ఉంటే వెంటనే ఛాతీకి ఆనించుకుని ఆసుపత్రికి బయల్దేరాలి. మొదటి 24 గంటలు స్నానం వద్దు, చిన్న బిడ్డకి డాక్టర్ చెప్పేదాకా వద్దు. కూలర్, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. అలాగని మే నెలలో నాలుగు దుప్పట్లు కూడా చుట్టకండి, వేడెక్కడం కూడా ప్రమాదమే. సాంబ్రాణి పొగ దగ్గరికి రానివ్వకండి.

ఐదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 60 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, మళ్లీ లెక్కపెట్టండి. మళ్లీ అంతే ఉంటే ఆలస్యం చెయ్యకండి.

ఆరు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే వెళ్లాలి: పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం, మూలుగు, ఊపిరి తీస్తే డొక్కల కింద గుంటలు పడటం, ఫిట్స్, జ్వరం, మొదటి రోజే పసుపు కనపడటం, పసుపు అరిచేతులకి అరికాళ్లకి పాకడం.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాదిలోపు జబ్బుపడ్డ బిడ్డకి వైద్యం, మందులు, రవాణా ఉచితం, 2011లో మొదలైన జననీ శిశు సురక్ష పథకం కింద. 108కి ఫోన్ చెయ్యండి. డబ్బుల కోసం ఆగొద్దు.

చివరిగా ఒక్కటే. మీ వీధి ఆశా అక్క నంబర్ మీ ఫోన్‌లో ఉందా? నా ఫోన్‌లో స్విగ్గీ ఉంది, ఓలా ఉంది, పంచాంగం యాప్ ఉంది, ఆవిడ నంబర్ మాత్రం లేదు అప్పట్లో. ఇప్పుడుంది. బుజ్జి మొదటి పుట్టినరోజుకి ఫస్ట్ కేక్ ముక్క ఆవిడకే పెట్టాం. అమ్మమ్మే పెట్టింది.

తలుపు ఇంకా బాదుతానే ఉంది, వినపడుతోందా? తియ్యకపోతే ఊరంతా వినపడేలా ఏడుస్తుంది. ఏడవనివ్వండి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ "ఏడవని పిల్ల బంగారం" అనరు.

ఈ ఎపిసోడ్‌ని కడుపుతో ఉన్న మీ అక్కకో, వదినకో పంపండి. ముఖ్యంగా వాళ్ల అమ్మమ్మ గారికి చూపించండి. మళ్లీ వారం కలుద్దాం. ఉంటానండి.